టాకీసు డేరాలో నేర్చిన తెలుగు
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



సంక్షేమ సంఘం సభలో సినిమా సంగతి ఎందుకని కొందరు మొహం చిట్లించవచ్చును. మా అబ్బాజాన్ కూడా అట్లనే చిట్లించేవారు. అయినా ఒక నిజం దాచకుండా చెప్తాము. ఉర్దూ మీడియంలో చదివిన మాకు తెలుగు అక్షరాలు దిద్దించినవి గోడమీది సినిమా పోస్టర్లే. బజారుకు పోతూ ఒక్కొక్క ఒత్తు కూడబలుక్కొని చదివేవారము.

మన కొత్తకోట వంటి ఊళ్ళకు అప్పట్లో డేరా టాకీసులు వచ్చేవి. మిషను ఒక్కటే. రీలు అయిపోతే ఆట ఆగేది. ఆ సందులో నేల టికెట్టులో పక్కన కూర్చున్న తెలుగు పిల్లవాడు మాకు తెలియని మాటకు అర్థం చెప్పేవాడు. హిందీ ఆట వచ్చిననాడు వానికి మేము చెప్పేవారము. అది మాకు రెండో బడి.

హైదరాబాదు సంస్థానంలో మొదట చిత్రాలు తీసినవారిలో ఒకరు బడిపంతులే. ధీరేంద్రనాథ్ గంగూలీ నిజాం ప్రభుత్వ చిత్రకళా పాఠశాలలో పనిచేసి, 1922లో లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టినారు. 1924లో 'రజియా బేగం' చిత్రం నిజాం ప్రభువుకు ఆగ్రహం తెప్పించగా ఆయన రాజ్యం విడిచి పోవలసి వచ్చింది. బొమ్మకు అంత బలమున్నది!

తరువాత బొమ్మకు మాట వచ్చింది. 1931లో 'ఆలంఆరా', 1932లో తెలుగు 'భక్త ప్రహ్లాద'. రెండూ బొంబాయిలో అర్దేషిర్ ఇరానీ గారి కంపెనీవే. మన ఎల్.వి. ప్రసాద్ గారు రెండింటిలోనూ వేషం వేసినారు. ఉర్దూ మాట, తెలుగు మాట ఒకే ఇంటి నుంచి వెండితెర మీదికి వచ్చినవన్నమాట.

ఇంకొకటి వినండి. తెలంగాణ రైతుల పోరాటం మీద కృష్ణచందర్ ఉర్దూలో 'జబ్ ఖేత్ జాగే' నవల రాసినారు. దాని ఆధారంగానే 1979లో గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో తెలుగు 'మాభూమి' తయారైంది. మన పల్లె కథ ఉర్దూలో పుట్టి తెలుగులో మాట్లాడింది. ఇక ఏ భాష ఎవరిదని పంచుకుందాము?

ఇప్పుడు ఆ డేరాలు లేవు. ఎవరి ఫోను వారిది, ఎవరి బొమ్మ వారిది. పక్కవాణ్ణి అర్థమడిగే పనే లేకపోయింది. మా విద్యార్థులు బాగా చదువుతారు. కాని ఆఫీసుకు పోయి తెలుగులో ఒక అర్జీ రాయాలంటే చెయ్యి వణుకుతుంది. ఇది చూసి మాకు బాధ కలుగుతున్నది. తెలుగు నేర్చుకుంటే ఉర్దూ పోదు. మాకు పోలేదు కదా!

అందుకని ఒక చిన్న మనవి. ఈ సెలవుల్లో ప్రతి ఇంటి పిల్లలు దాదీ, నానీ, తాతల దగ్గర కూర్చొని, వారు చూసిన మొదటి ఆట సంగతి అడగాలి. విన్నది ఒక పేజీ ఉర్దూలో, ఒక పేజీ తెలుగులో రాసి మాకు తెచ్చి ఇవ్వాలి. తప్పులుంటే మేము దిద్దుతాము. పెద్దల జ్ఞాపకమూ నిలుస్తుంది, పిల్లల చెయ్యీ తిరుగుతుంది.