కొలత నుండి తూకమునకు
(పంచాయతీ సభ్యులనుద్దేశించి చేసిన ప్రసంగము)



మన చిత్తూరు, తిరుపతి ప్రాంతములలో వంటయింటి లెక్క తరతరములుగా పాత్రతోనే సాగినది. బియ్యమునకు పడి, నూనెకు గరిటె, ఉప్పునకు గుప్పెడు. తిరుమల శాసనములందును నైవేద్యపు బియ్యము మరక్కాళ్లలోను, నేయి నాళ్లలోను చెప్పబడినవి. ఇంటిల్లిపాదికి వండు తల్లికి ఈ లెక్క చాలును. బడిపిల్లలకు ప్రభుత్వ ధాన్యముతో వండునపుడు మాత్రము చాలదు.

ఒక ఊరి పడి మరియొక ఊరి పడితో సరిపోని ఇబ్బందిని తొలగించుటకే 1956లో తూనికలు కొలతల చట్టము చేయబడి, 1958 అక్టోబరు నుండి కిలోగ్రాముల పద్ధతి క్రమముగా అమలులోనికి వచ్చినది. నేడు బడికి బియ్యము కిలోలలోనే చేరుచున్నది. వంటశాలలో మాత్రము పలుచోట్ల గ్లాసుతోనే తీయుదురు. లెక్క తప్పునది ఇచ్చటనే.

మధ్యాహ్న భోజనమునకు కేంద్ర ప్రభుత్వ నియమము ప్రకారము ప్రాథమిక తరగతుల బిడ్డకు బియ్యము 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5 గ్రాములు. ఆరు మొదలు ఎనిమిదవ తరగతి వరకు వరుసగా 150, 30, 75, 7.5 గ్రాములు. ఇవి వండక ముందటి తూకములు. నూరు గ్రాములని తలచిన గ్లాసు తొంబది గ్రాములే పట్టినచో, అరువదిమంది పిల్లలకు 600 గ్రాములు తగ్గును. అది ఆరుగురు బిడ్డల అన్నము! ఎవరును దొంగిలింపలేదు, అయినను పిల్లల వంతు తగ్గినది.

ఒకే పాత్రలో పట్టిన వస్తువులన్నియు ఒకే బరువు తూగవు. లీటరు నీరు కిలో తూగును. లీటరు వేరుసెనగ నూనె సుమారు 910 గ్రాములే. లీటరు బియ్యము సుమారు 800 గ్రాములు. రాగిపిండి అదిమి పోసిన ఒక తూకము, జల్లించి పోసిన మరియొక తూకము. గోపురముగా పోసిన గ్లాసునకును, తలకొట్టిన గ్లాసునకును ఎంతో భేదము కలదు.

పెద్ద వంటకు తూకము ఎంత ఆధారమో తిరుమల లడ్డూయే చెప్పును. 5,100 లడ్డూలకు సెనగపిండి 180 కిలోలు, నేయి 165, చక్కెర 400, జీడిపప్పు 30, ఎండుద్రాక్ష 16, కలకండ 8, ఏలకులు 4. మొత్తము 803 కిలోలు. దీనినే దిట్టము అందురు. మన బడి వంటకును ఒక దిట్టము ఉండవలదా?

అందులకు మీరు చేయవలసిన పని స్వల్పము. తూనికలు కొలతల శాఖ ముద్ర గల తక్కెడను తెప్పించుడు. వంటశాల గ్లాసును బియ్యముతో నింపి, తలకొట్టి తూచుడు; ఖాళీ గ్లాసు బరువును తీసివేయుడు. మూడుమార్లు తూచి సగటు కట్టి, ఆ అంకెను గ్లాసుపై రంగుతో వ్రాయించుడు. పప్పునకు, నూనెకు వేరు వేరు పాత్రలను ఇట్లే గుర్తింపుడు. బియ్యపు రకము మారినపుడు మరల తూచుడు. ఆనాటి హాజరునకు తగిన తూకమును వంటశాల గోడపై వ్రాయించినచో, వంట చేయు అమ్మలకు శ్రమయు నిందయు తప్పును. తల్లిదండ్రులకు సందేహము తీరును.

పంచాయతీ పెద్దలు నెలకొకమారైనను వంటశాలకు పోయి ఈ తూకమును స్వయముగా చూడవలెనని ప్రార్థించుచున్నాను. బిడ్డ పళ్లెములోని ప్రతి గ్రామును బిడ్డదే.