నడుము బలానికి పాదమే పునాది

(సహకార సంఘాల కార్యదర్శుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



గేదె వీపు విల్లులా వంచి, కుంటుతూ నడుస్తున్నదంటే మీరేం చేస్తారు? వీపుకు మందు రాయరు. కాలెత్తి గిట్ట చూస్తారు. నొప్పి గిట్టలో ఉన్నా వంగేది వీపేనని మీకు అనుభవం మీద తెలుసు. పశువు విషయంలో ఇంత తెలిసిన మనం, మన నడుము పట్టేసినప్పుడు మాత్రం పాదం వంక చూడము. ఈనాడు నేను మనవి చేయదలచినది ఆ సంగతే.

ఇది చిన్న విషయం కాదు. ఇంట్లో పాలు పితికే మనిషి నడుము నొప్పితో పడకేస్తే గేదె కొత్త చేతికి సరిగా చేపదు. పాలు తగ్గుతాయి, రాబడి తగ్గుతుంది.

మనిషి పాదంలో 26 ఎముకలున్నవి. అరికాలి లోపలి పక్కన కమానువంటి వంపు ఉన్నది. అడుగు మోపినప్పుడు అది కొంచెం దిగి బరువును ఓర్చుకుంటుంది. మడమ లేచినప్పుడు అరికాలి కింది పట్టీ బిగిసి వంపు మళ్ళీ లేస్తుంది. ఆ వంపు మరీ కూలిపోతే మోకాలు, తొడ లోపలికి తిరుగుతాయి. దానికి తగినట్లు తుంటి, నడుము సర్దుకోవలసి వస్తుంది. పునాది కుంగితే పగులు గోడ మీద కనిపించినట్లే.

ఇక చీలమండ. గొంతుక్కూర్చుని పాలు పితికేటప్పుడు చీలమండ బాగా వంగాలి. పిక్క బిగుసుకుపోయి అది వంగకపోతే మడమ లేస్తుంది. వెనక్కు పడకుండా ఉండాలని నడుమును ముందుకు గుండ్రంగా వంచుతాము. రెండు పూటలా, ఏళ్ళ తరబడి ఇదే జరిగితే భారమంతా నడుము మీదనే పడుతుంది.

బరువు మోసేవారు నడుముకు తువ్వాలు బిగించుకోవడం మీరు చూసే ఉంటారు. అటువంటి దట్టీ మన శరీరంలోనే ఉన్నది. పొట్ట లోపలి కండరాలు, వెన్ను కండరాలు కలిసి నడుమును పట్టి ఉంచుతాయి. ఆస్ట్రేలియా పరిశోధకులు 1996లో ఒక సంగతి చూపించారు. ఆరోగ్యవంతులు చేయి ఎత్తబోయే ముందే ఈ దట్టీ బిగుస్తుంది. నడుము నొప్పి ఉన్నవారిలో ఆలస్యంగా బిగుస్తుంది. మరి కాలి కింద నేల ఎలా ఉన్నదో శరీరానికి ముందుగా తెలిపేది అరికాలే. తడి నేల మీద కాలు జారితే ఈ పట్టు తప్పుతుంది.

40 లీటర్ల క్యాను సంగతి చూడండి. పాలే 41 కిలోలు, క్యాను బరువు అదనం. అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా ఒక మనిషి ఎత్తే బరువు 23 కిలోలు దాటరాదని అమెరికా వృత్తి భద్రతా సంస్థ 1991లో సవరించిన లెక్క చెబుతుంది. కనుక క్యాను ఇద్దరు ఎత్తాలి. పాదాలు ఎడంగా, మడమలు నేలకు ఆనించి, క్యానును దగ్గరగా పట్టి, మోకాళ్ళు వంచి లేవాలి. తిరగవలసి వస్తే నడుము తిప్పరాదు, అడుగులు తిప్పాలి.

ఇంటి దగ్గర ఒక పరీక్ష చేసుకోండి. బొటనవేలు గోడకు 10 సెంటీమీటర్ల దూరంలో ఉంచి, మడమ లేవకుండా మోకాలును గోడకు తాకించండి. అందకపోతే, లేదా ఒక కాలికి అంది మరొక కాలికి అందకపోతే, చీలమండ బిగిసిందని గ్రహించండి. గోడకు చేతులానించి, ఒక కాలు వెనక్కు చాచి, మడమ నేలకు అదిమి 30 సెకన్లు నిలవండి. ఒక్కొక్క కాలికి మూడుసార్లు చాలు. తరువాత గోడ పక్కన ఒంటికాలిపై కొద్దిసేపు నిలబడడం అలవాటు చేసుకోండి. చీలమండ వంగనివారు పీట వేసుకుని పాలు పితకడం మేలు.

నడుము నొప్పులన్నింటికీ పాదమే కారణమని నేను అనడం లేదు. కాలు తిమ్మిరెక్కినా, బలం తగ్గినా, మూత్ర విసర్జనలో తేడా వచ్చినా వెంటనే వైద్యుని చూడాలి.

కార్యదర్శులకు నా విన్నపం: పాల కేంద్రం నేల పొడిగా ఉంచండి, క్యాను ఎత్తడానికి ఇద్దరిని నియమించండి. సభ్యులకు ఒకటే మాట: గేదె గిట్టను చూసినంత శ్రద్ధగా మీ పాదాన్నీ చూసుకోండి.