ఆకలి తగ్గిన వయసులో అన్నం

(కొడకండ్లలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. ఇలాంటి సభల్లో ఆరోగ్యమంటే ఉప్పు తగ్గించండి, నూనె తగ్గించండి, తీపి మానండి, పొద్దున్నే నడవండి అని చెప్పి కూర్చోవడం ఆనవాయితీ. ఆరోగ్య శాఖలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి సూపర్‌వైజరుగా రిటైరైన నేను కూడా ఊరూరా అదే చెప్పాను. ఆ మాటలు తప్పు కావు. కానీ అవి అందరికీ కావు. మనలో చాలామంది తినవలసిన దానికంటే తక్కువ తింటున్నారు. వారికి చెప్పవలసిన మాట వేరే ఉంది.

ఇది నా ఊహ కాదు. 2017-18లో దేశమంతటా పెద్దవారి మీద ఒక సర్వే జరిగింది. లాసి అంటారు. 60 దాటినవారిలో 100కి 27 మంది ఉండవలసిన బరువు కంటే తక్కువ ఉన్నారని అందులో తేలింది. లావైనవారి సంఖ్య దానికంటే కొంచెం తక్కువే. అయినా మనం మాట్లాడేదంతా లావు గురించే. సన్నబడిన ముసలివాణ్ణి చూసి "బాగున్నాడు, ఒళ్ళు తేలిగ్గా ఉంది" అంటాం. "వయసు కదా" అని ఊరుకుంటాం.

నేను కూడా అలాగే ఊరుకున్నాను. మా అక్క విషయం చెబుతాను. ఆమె అనుమతితోనే చెబుతున్నాను.

మా అక్కది ఈ ఊరే. బావ పోయి ఆరేళ్ళయింది. కొడుకులిద్దరూ మగ్గం పని మీద సూరత్ పోయి అక్కడే స్థిరపడ్డారు. ఆమెకు షుగరు ఉంది. షుగరు బయటపడిన కొత్తలో, అంటే ఆమెకు యాభై ఏళ్ళప్పుడు, మనిషి కాస్త లావుగానే ఉండేది. అప్పుడు నేనే చెప్పాను: "అక్కా, అన్నం తగ్గించు, నూనె ముట్టకు, రాత్రి అంబలి తాగి పడుకో" అని. తమ్ముడు డాక్టరు డిపార్ట్‌మెంటు మనిషి కదా, మాట జవదాటలేదు. ఇరవై ఏళ్ళు అలాగే నడిపింది. నేనూ మళ్ళీ అడగలేదు. అడగకపోవడమే నా తప్పు.

బావ పోయిన తర్వాత ఉన్న ఆ కాస్తా తగ్గింది. పొద్దున చాయ్, రెండు బిస్కెట్లు. మధ్యాహ్నం పిడికెడు అన్నం, పచ్చిపులుసు. సాయంత్రం మళ్ళీ చాయ్. రాత్రి గ్లాసెడు పలుచటి అంబలి, ఒక్కోరోజు అదీ లేదు. అడిగితే "ఏం తినుడురా తమ్మీ, ఒక్కదానికి ఏం వండుకుంట? ముద్ద దిగుతలేదు" అనేది. తర్వాత కూర్చుని లెక్క వేస్తే రోజు మొత్తానికి 800 కేలరీలు కూడా రాలేదు. కానీ షుగరు గోలి మాత్రం ఒక్కపూట తప్పించలేదు. పాత మోతాదు గోలీయే. తిండి సగమైంది, గోలి సగం కాలేదు. ఒకరోజు తెల్లవారుజామున లేచి వాకిట్లో కళ్ళు తిరిగి పడిపోయింది. షుగరు పెరిగి కాదు, పడిపోయి. తుంటి ఎముక విరిగింది. ఆస్పత్రిలో బరువు చూస్తే 38 కిలోలు. ఒకప్పుడు 47 ఉన్న మనిషి. మెడలో గుండ్ల దండ వదులైందని ఆమె నాతో రెండుసార్లు అన్నది. నేను నవ్వి ఊరుకున్నాను.

వయసు మీదపడితే ఆకలి ఎందుకు తగ్గుతుంది? నాలుక రుచి, ముక్కు వాసన మందగిస్తాయి. కొంచెం తినగానే కడుపు నిండినట్టవుతుంది. పళ్ళు ఊడుతాయి, కట్టుడు పళ్ళు వదులై గుచ్చుకుంటాయి. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ వంటి కొన్ని గోలీలు కొందరిలో ఆకలి చంపుతాయి. వీటన్నిటి మీద ఒంటరితనం ఒకటి. ఎదురుగా కూర్చుని "ఇంకొంచెం పెట్టనా" అనే మనిషి లేకపోతే ఏ వంటా రుచించదు. దీనికి గోలి లేదు. వారానికి రెండు పూటలైనా ఎవరితోనైనా కలిసి తినాలి, అంతే.

మీకు మీరే చూసుకోవచ్చు. చేతి గడియారం మణికట్టు మీద జారుతోందా? బెల్టుకు కొత్త బెజ్జం పడిందా? లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి పోయినప్పుడు పాత ఫొటో చూసి అక్కడివాళ్ళు మీ మొహం రెండుసార్లు చూస్తున్నారా? అయితే బరువు తూచుకోండి. మనిషి ఎత్తు 150 సెంటీమీటర్లయితే కనీసం 41 కిలోలన్నర, 165 అయితే 50 కిలోలు దాటి ఉండాలి. అది కనీసం మాత్రమే. ముసలితనంలో ఆ అంచు మీద నిలబడటం కంటే నాలుగు కిలోలు పైన ఉండటం మేలు, జ్వరం వస్తే తట్టుకోవడానికి నిల్వ ఉంటుంది. ప్రయత్నించకుండానే ఆరు నెలల్లో 50 కిలోల మనిషి రెండున్నర కిలోలు తగ్గితే, తిండి సంగతి తర్వాత, ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. క్షయ, థైరాయిడ్, అదుపు తప్పిన షుగరు, కడుపులో పుండు, క్యాన్సర్, మనోవ్యాధి - ఏదైనా కావచ్చు.

ఇక తిండి. ఆకలి లేనివారికి "ఎక్కువ తిను" అని చెప్పడం దండగ. కడుపు పట్టదు. ముద్ద పెంచలేం, ముద్దలో బలం పెంచగలం. దీనికి కొంచెం లెక్క తెలియాలి. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి మీద విచారణకు ఒక చిన్న గదిలో మొదలైన సంస్థ 1958లో హైదరాబాదుకు వచ్చి, ఇప్పుడు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థగా ఉంది. మన తిండి గింజల విలువలన్నీ కొలిచి పట్టికలు వేసింది వాళ్ళే. 100 గ్రాముల బియ్యంలో సుమారు 350 కేలరీలు. ఉడికితే నీళ్ళు పట్టి, 100 గ్రాముల అన్నంలో 130 లోపే. అదే 100 గ్రాముల పల్లీలు, నువ్వులలో 500 పైన, కుడుకలో 600 పైన, నూనె, నెయ్యిలలో 900. అంటే బలమంతా చిన్న వస్తువుల్లో దాగి ఉంది. మనం ముసలివాళ్ళకు మానిపించేది సరిగ్గా వాటినే.

అక్క ఇంటికి వచ్చిన తర్వాత డాక్టరును అడిగి ముందు గోలి మోతాదు తగ్గించాం. తర్వాత ఆమె తినే పిడికెడు అన్నం పెంచమని ఎవరం బలవంతం చేయలేదు. ఆ అన్నంలోనే రెండు చెంచాల నువ్వుల నూనె కలిపాం, 90 కేలరీలు. పచ్చిపులుసు ఉండనీ, పక్కన మెత్తటి పెసరపప్పు చేర్చాం. ఒక ఉడికిన గుడ్డు, 75. గుప్పెడు పల్లీలు, అంటే 30 గ్రాములు, 160 పైన. పళ్ళు లేవు గనుక వేయించి పొడి చేసి రెండు పూటలా అన్నంలో, అంబలిలో వేశాం. మొత్తం 325. రోజుకు 300 నుండి 400 కేలరీలు అదనంగా లోపలికి పోతే నెలకు అర కిలో, ఒక్కోసారి ఇంకొంచెం పెరుగుతుంది. కంచం చూస్తే ముందున్నట్టే ఉంది, ఆమెకు భయం వేయలేదు.

అంబలి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన తాతలు అంబలి తాగి మోట కొట్టారని గొప్పగా చెప్పుకుంటాం. వాళ్ళు అంబలితో ఆగలేదు, గట్క తిన్నారు, జొన్నరొట్టె తిన్నారు, మీద నువ్వుల కారం నంజుకున్నారు. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చిన తర్వాత అన్నం ఇంటింటి తిండి అయింది. మంచిదే, పస్తులు తప్పాయి. గట్క, రొట్టె పోయాయి, పలుచటి అంబలి మాత్రం షుగరువాళ్ళకు మిగిలింది. రెండు చెంచాల జొన్నపిండితో కాచిన గ్లాసెడు అంబలిలో 100 కేలరీలు కూడా ఉండవు. అందులో నీళ్ళకు బదులు సగం పాలు పోసి కాచి, చెంచాడు పల్లిపొడి వేస్తే 200 దాటుతుంది. గ్లాసు అదే.

చాయ్ మీద నాకు కోపం లేదు, నేనూ తాగుతాను. కానీ అన్నానికి గంట ముందు తాగితే ఆకలి చస్తుంది. ఐదు కప్పులు తాగేవారు రెండింటిని పాలుగా మార్చుకోండి. నీళ్ళు కూడా తినే ముందు చెంబెడు తాగకుండా తిన్న తర్వాత తాగండి. మూడు పూటలు కడుపు నిండా తినలేనివారు ఐదుసార్లు కొంచెం కొంచెం తినండి. నాలుగు గంటలకు బొబ్బెర గుడాలు, అరటిపండు, పెరుగులో నానిన అటుకులు, మెత్తగా కాల్చిన సర్వపిండి ముక్క, ఏదైనా సరే. కేలరీలు అన్నానని బస్టాండు దగ్గరి మిర్చి బజ్జీల కోసం బయలుదేరకండి. మాడిన నూనె మన పనికి రాదు.

షుగరు ఉన్నవారు బెల్లం, పల్లిపట్టి జోలికి పోకుండా పల్లీలు, గుడ్డు, పెరుగు, నూనెతోనే బరువు పెంచుకోవచ్చు. అయితే తిండి మారినప్పుడల్లా గోలీల సంగతి డాక్టరుకు చెప్పాలి. గుండె జబ్బున్నవారు నెయ్యికి బదులు పల్లినూనె, నువ్వులనూనె వాడండి. కిడ్నీ జబ్బున్నవారు గుడ్లు, పప్పులు పెంచే ముందు తప్పక అడగాలి. చాలా రోజులు దాదాపు ఏమీ తిననివారికి ఒక్కసారిగా పెట్టకూడదు, ప్రమాదం. మింగేటప్పుడు పొలమారే వారికి పొడి విడిగా పెట్టక అన్నంలో మెత్తగా కలపండి. ఇంకొకటి, తిన్నది కండ కావాలంటే ఒళ్ళు కదలాలి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోండి, పూటకొకసారి. చేతకాకపోతే ఆనించే చేయండి.

వెనుక వరుస సోదరీమణులతో ఒక మాట. మనిళ్ళలో ఆడవారు చివరన తింటారు, మిగిలింది తింటారు. ముసలితనంలో అది మరీ చెడ్డ అలవాటు. ఫ్యామిలీ పెన్షన్ తీసుకుంటూ ఒంటరిగా ఉంటున్నవారు ఈ హాల్లోనే పదిమందికి పైగా ఉన్నారు. చెంబెడు అన్నం వండి రెండు రోజులు తినేవారు ఉన్నారని నాకు తెలుసు. శనివారం, సోమవారం, గురువారం ఒక్కపొద్దులుండే వారూ ఉన్నారు. 45 కిలోలు లేని మనిషి వారానికి మూడు ఒక్కపొద్దులుంటే దేవుడు మెచ్చుతాడో లేదో గానీ, ఒళ్ళు మాత్రం ఓర్వదు. ఒకటి ఉంచుకోండి, ఆ రోజు కూడా పాలు, పండ్లు, పల్లీలు తీసుకోండి. కోడండ్లు ఇక్కడ ఉంటే, అత్తమ్మ "నాకొద్దు బిడ్డా" అంటే ఒక్కసారికే ఒప్పుకోకండి.

అక్క ఏడు నెలల్లో 38 నుండి 42 కిలోలన్నరకు వచ్చింది. కర్ర పట్టుకుని గుడి దాకా పోతుంది. పక్కింటి ఆమెతో కలిసి మధ్యాహ్నం అన్నం తింటుంది, కూర ఒకరోజు ఈమెది, ఒకరోజు ఆమెది. తుంటి మాత్రం పాత తుంటి కాదు, నొప్పి ఉంది. నన్ను చూసినప్పుడల్లా "నూనె పోసుకోవచ్చునా తమ్మీ, మళ్ళా వద్దంటవా?" అని అడుగుతుంది. నవ్వుతూనే అడుగుతుంది.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఒక మనవి చేసి ముగిస్తాను. ఇంటి నుండి తూకం యంత్రం ఒకటి తెచ్చి తలుపు పక్కన పెట్టాను. పోయేటప్పుడు ప్రతి ఒక్కరూ తూచుకుని, అక్కడ పెట్టిన రిజిస్టరులో మీ పేరు ఎదుట బరువు రాయండి. భార్యాభర్తలు ఇద్దరూ రాయండి. వచ్చే నెల సమావేశానికీ దాన్ని తెస్తాను. చెప్పులు విడిచి నిలబడండి.