రాంచీ బడిలో చదివి టీచర్లయిన నలుగురు



ఆడపిల్లల చదువు మీద మాట్లాడమన్నారు. నేను లొరెటో సిస్టర్ల బడుల గురించి చెప్తాను. ఐర్లండ్, ఆస్ట్రేలియా, కెన్యా, మన కలకత్తా... చాలా దేశాల్లో వాళ్ల బడులున్నాయి. అంత దూరం కథ మనకెందుకు అనుకోకండి. అందులో ఒక ముక్క మన ఆదివాసులదే.

ఈ పనికి మూలం మేరీ వార్డ్ అనే ఇంగ్లండ్ ఆవిడ. 1609లో మొదలుపెట్టింది. ఆ రోజుల్లో సన్యాసినులు మఠం గోడ దాటకూడదు. గోడ దాటందే ఊళ్లో ఆడపిల్లలకు చదువు ఎలా చెప్తాం అని ఆమె వాదించింది. 1631లో పోప్ ఆమె సంస్థనే రద్దు చేశాడు, ఆమెను మ్యూనిక్‌లో ఒక మఠంలో నిర్బంధించారు. స్థాపకురాలిగా చర్చి ఆమెను గుర్తించింది 1909లో! చదువు చెప్తానన్న ఆడదానికి సొంత పెద్దల దగ్గరే అంత కష్టమైంది.

ఆ దారిలోనే డబ్లిన్‌లో తెరెసా బాల్ లొరెటో సంస్థను నడిపించింది. 1841 చివర్లో వాళ్ల సిస్టర్లు కలకత్తాలో దిగారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా, పేరున్న లొరెటో బడుల్లో మొదట్లో చదివింది ఎక్కువగా తెల్లవాళ్ల పిల్లలు, ఆంగ్లో ఇండియన్ల పిల్లలే. పేద పిల్లలకు వేరే బడులు, అనాథాశ్రమాలు.

1890లో రాంచీ వచ్చాక కథ మలుపు తిరిగింది. అక్కడి బడిలో చదివిన ఉరావ్ అమ్మాయి బెర్నడెట్ కిస్పొట్టా. ఇంట్లో పెళ్లి మాటలు మొదలైతే, పెళ్లి వద్దు, నేనూ సిస్టర్‌నై చదువు చెప్తానంది. ఇంటివాళ్లు కాదన్నారు. పెళ్లి చేసుకోని ఆడపిల్లను మన గూడేల్లో ఇప్పటికీ ఎలా చూస్తారో మీకు తెలుసు. ఆమె వెనక్కి తగ్గలేదు. మరో ముగ్గురు తోడయ్యారు. 1897 జులై 26న ఆ నలుగురితో సెయింట్ ఆన్ సిస్టర్ల సంస్థ పుట్టింది. అప్పటికి ఆమెకు పంతొమ్మిదేళ్లు. తర్వాత లొరెటో వాళ్లు రాంచీ వదిలి వెళ్లారు. ఈ అమ్మాయిల సంస్థ మాత్రం అక్కడే నిలబడింది, నేటికీ బడులు నడుపుతోంది.

మతం సంగతి పక్కన పెట్టండి, అది ఎవరి ఇష్టం వాళ్లది. నేను చూసేది ఒక్కటే. ఆ టీచరుది ఉరావ్ ఇల్లు, ఇంటి భాష కురుఖ్. పిల్ల తల్లితో మాట్లాడడానికి మధ్యలో మరో మనిషి అక్కర్లేదు. పిల్ల బడికి రాకపోతే ఎందుకు రాలేదో ఆమెకు తెలుస్తుంది, పంటల పనా, పెళ్లి మాటలా అని.

ఇక మన సంగతి. షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో జీవో నంబర్ 3 వచ్చింది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. దాని మీద మనం ధర్నాలు చేశాం, చేయాల్సిందే. కానీ జీవో తిరిగి వచ్చేదాకా మన ఆడపిల్లలు ఇంటర్‌తో ఆగిపోతే ఎలా? మన కోయ, గోండు, సవర పిల్లలకు వాళ్ల మాటలో లెక్కలు చెప్పేదెవరు?

సంఘానికి నా విన్నపం ఒకటుంది. ఏటా సన్మానాలకు కొనే శాలువాలు, మెమెంటోల ఖర్చు ఈసారి ఆపుదాం. ఆ డబ్బుతో ఇద్దరు అమ్మాయిలకైనా డీఈడీ ఫీజు కడదాం. పేర్లు వచ్చే సమావేశానికి తీసుకురండి. మొదటి విరాళం ఈ వేదిక మీదే నేనిస్తున్నాను.