సముద్రం దాటిన నాయుడు

(ప్లాటినం జూబిలీ ఉత్సవాల రెండవనాటి సాయంసభలో ఒక పూర్వ విద్యార్థి, విశ్రాంత చరిత్రోపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



‘తెలుగువారి విదేశ వలసలు’ అన్న విషయం మీద మాట్లాడవలసిందిగా ఉత్సవ సంఘంవారు నన్ను ఆదేశించినారు. నాకిచ్చిన అరగంటలో అంత పెద్ద విషయానికి న్యాయం చేయడం నావల్ల అయ్యే పని కాదు. అందువల్ల ఒక్క మాటను మాత్రమే పట్టుకొని దాని వెంట నడుస్తాను. ఈ మండపంలో నిలబడి “నాయుడుగారూ” అని పిలిస్తే కనీసం పాతికమంది వెనుదిరిగి చూస్తారు. ఆ మాటే నేటి నా విషయం.

కొన్నేళ్ళ క్రితం డర్బను నగరం నుండి ఒక పెద్దావిడ మన బరంపురం వచ్చినారు. అక్కడ బడిపంతులమ్మగా పనిచేసి విశ్రాంతి తీసుకొన్నవారు. ఇంటిపేరు నాయుడు. తెలుగు రాదు, ‘తాత’, ‘పెద్దమ్మ’ వంటి నాలుగు మాటలు, ఉగాది పచ్చడి చేసే పద్ధతి మాత్రం తెలుసు. ఆమె చేతిలో ఒక కాగితం ఉన్నది. నేటాలుకు కూలీలను చేర్చిన ఓడల పట్టికలోని ఒక వరుసకు అది నకలు. అందులో ఒక సంఖ్య, ఓడ పేరు, మనిషి పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఒంటి మీద గుర్తులు ఉన్నాయి. పేరు అప్పన్న. జిల్లా గంజాం. గ్రామం పేరును దొరగారి గుమాస్తా చెవికి ఎట్లా వినబడితే అట్లా రాసినాడు. ఆ అక్షరాలను కూడబలుక్కొని చదివితే మూడు నాలుగు ఊళ్ళకు సరిపోతుంది. కులం గడిలో ‘కాపు’ అని ఉన్నది. ఆ కాగితం మొత్తంలో ‘నాయుడు’ అన్న మాట ఎక్కడా లేదు!

“మరి మాకీ పేరెక్కడిది?” అని ఆమె అడిగినారు. ఆ ప్రశ్నే నన్ను ఈ మాట వెంట తిప్పినది.

‘నాయకుడు’ అన్న సంస్కృతపు మాటే తెలుగువారి నోట అరిగి ‘నాయుడు’ అయినది. మొదట అది పేరు కాదు, కులమూ కాదు, పదవి. విజయనగర రాజ్యంలో సైన్యాన్ని పోషించే షరతు మీద భూములు పొందినవారిని అమరనాయకులన్నారు. మధుర, తంజావూరు ఏలినవారు నాయక రాజులు. వారి దండులతోనూ వారి వెనుకనూ తమిళదేశానికి తరలివెళ్ళిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఈనాటికీ అక్కడ నాయుళ్ళుగానే ఉన్నాయి. పదవులు పోయినా గౌరవం మిగిలినది. ఒక్కొక్క సీమలో ఒక్కొక్క కులంవారు ఆ గౌరవవాచకాన్ని పేరు చివర ధరించినారు. మన ఉత్తరాంధ్రలో కాపులు, వెలమలు, గవరలు, రాయలసీమలో బలిజలు, చిత్తూరు వైపున, తమిళనాట కమ్మవారు కూడ. కనుక నాయుడన్నంత మాత్రాన ఇది ఒక కులమని, ఒక వంశమని తేల్చి చెప్పడానికి వీలులేదు. ఈ సంగతి విదేశాల నుండి పూర్వుల జాడ వెదకుతూ వచ్చేవారికి చెప్పినప్పుడు వారి ముఖాలు చిన్నబోతాయి. అయినా చెప్పక తప్పదు.

మన పేర్ల క్రమం వేరు, దొరల పేర్ల క్రమం వేరు. మనకు ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు నడుమ, గౌరవవాచకం చివర. వారికి వంశనామం చివర. మన పట్టణంలో 1894లో జన్మించి భారత రాష్ట్రపతి అయిన వరాహగిరి వేంకటగిరిగారిని లోకమంతా వి. వి. గిరి అన్నది. ఆయన ఇంటిపేరు ఆ మొదటి ‘వి’లో దాగి ఉన్నది, అది తెలియనివాడు ‘గిరి’యే ఇంటిపేరనుకొంటాడు. రాష్ట్రపతికే ఇట్లా జరిగితే, రేవులో వేలిముద్ర వేసిన అప్పన్న మాట ఏమి చెప్పాలి? ఓడ పట్టికలో ఇంటిపేరుకు గడియే లేదు. ఆ తరువాత అక్కడ పిల్లలు పుట్టి, జననాలు నమోదు చేయించవలసి వచ్చినప్పుడు, ఇంగ్లీషు పద్ధతిలో వంశనామం ఒకటి కావలసి వచ్చినది. కొందరు తండ్రి పేరునే రాయించినారు. కొందరు కులాన్ని, కొందరు గౌరవవాచకాన్ని రాయించినారు. ఒకే తల్లి కడుపున పుట్టినవారికి రెండు వంశనామాలు పడిన ఇళ్ళు కూడ అక్కడ ఉన్నాయి. అప్పన్న కాగితంలో లేని నాయుడు, అతని కుమారుని జననపత్రంలో ప్రత్యక్షమైనాడు. కొంగుముడి వేసుకొని వెళ్ళిన ఇంటిపేరు మాత్రం ఆ ఒక్క తరంతోనే ఆవిరైపోయినది.

ఇక ఆ పేరు రాసే తీరు. దక్షిణాఫ్రికాలో నాయుడు అన్న మాట చివర ఇంగ్లీషులో రెండు ‘ఓ’లు వేస్తారు. మనదేశంలో ఒక్క ‘యు’ వేస్తారు. దీనిలో వింతేమీ లేదు. నేటాలుకు మనవారు వెళ్ళడం మొదలైన 1860 నాటికి ఇంగ్లీషువారు హిందువు అన్న మాటను కూడ రెండు ‘ఓ’లతోనే రాసేవారు. తరువాత విలియం హంటర్ ఏర్పరచిన లిప్యంతరీకరణ పద్ధతిని ప్రభుత్వం అమలులో పెట్టగా ‘ఉ’కారానికి ‘యు’ స్థిరపడినది. ఇక్కడ మారినది; అక్కడ నమోదు పుస్తకాలలో గడ్డకట్టినట్టు నిలిచిపోయినది. ఫీజీ ద్వీపాలకు మద్రాసు నుండి కూలీలను పంపడం 1903లో గాని ఆరంభం కాలేదు. అప్పటికి కొత్త పద్ధతి వాడుకలోకి వచ్చినది కాబట్టి ఫీజీ నాయుళ్ళు ‘యు’తోనే రాసుకొంటారు. అందుచేత నేడు మెల్బోర్నులోనో ఆక్లండులోనో ఒక నాయుడు కనబడితే, ఆ చివరి అక్షరాన్ని చూచి, ఆయన పూర్వులు ఏ సముద్రం దాటినారో చాలావరకు ఊహించవచ్చును. నాగపూరులో పుట్టిన మన సి. కె. నాయుడుగారు, 1932లో భారత క్రికెట్టు జట్టుకు తొలి టెస్టు నాయకుడైన వారు, మూడవ విధంగా, నడుమ ‘వై’ వేసి రాసినారు. మూడూ ఒక్క మాటే.

16 నవంబరు 1860న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుండి 342 మందితో డర్బను రేవు చేరినది. 1911 వరకు అట్లా చేరినవారు 1,52,184 మంది. వారిలో మూడింట రెండు వంతులు మద్రాసు రాజధాని వారు. గంజాం, విశాఖపట్టణం, గోదావరి, ఉత్తర ఆర్కాడు జిల్లాల తెలుగువారు ఆ చెరకు తోటలలో అయిదేళ్ళ ఒడంబడిక మీద పనిచేసినారు. నేడు లోకంలో స్వదేశం వెలుపల నాయుడు అన్న పేరు అన్నిటికంటె చిక్కగా కనబడేది ఆ నేటాలులోనే. పిళ్ళై, గోవెండర్, రెడ్డి, మూడ్లీ వంటి పేర్లతోపాటు అక్కడి ప్రతి వీధిలోనూ అది వినబడుతుంది.

అయితే అక్కడి నాయుళ్ళందరూ తెలుగువారని అనుకోరాదు. తమిళదేశంలో తరతరాలుగా ఉన్న నాయుళ్ళు తమిళులుగానే ఓడ ఎక్కినారు. తంబి నాయుడుగారి చరిత్ర చూడండి. ఆయన 1875లో మారిషస్‌లో పుట్టి, ట్రాన్స్‌వాలు చేరి, జోహాన్నెస్‌బర్గు తమిళ సంఘానికి అధ్యక్షులైనారు. 1908లో గాంధీజీతోపాటు చెరసాలకు వెళ్ళినారు. అదే ఏడు ఫిబ్రవరిలో గాంధీజీ మీద దాడి జరిగిన ఉదయం పక్కనే ఉండి తామూ దెబ్బలు తిన్నారు. గాంధీజీ తమ దక్షిణాఫ్రికా సత్యాగ్రహ చరిత్రలో ఆయనను ఎంతగానో మెచ్చుకొన్నారు. ఆయన మనుమడు ఇంద్రెస్ నాయుడు రాబెన్ దీవి చెరలో పదేళ్ళు గడిపినారు. ఆ పేరు గలవారే జే నాయుడు. 1985లో ఏర్పడిన కార్మిక సంఘాల సమాఖ్యకు తొలి ప్రధాన కార్యదర్శి, 1994లో మండేలా మంత్రివర్గ సభ్యులు. పూర్వం పదవిని తెలిపిన మాట అక్కడ పోరాటం వలన మళ్ళీ నాయకత్వాన్ని సూచించినదని చెప్పాలని నాకు ఉబలాటం కలుగుతుంది గాని, పేరుకు అంత మహిమ ఆపాదించడం చరిత్రోపాధ్యాయుడికి తగదు.

భాష సంగతి అంత ఉత్సాహంగా లేదు. 1931లో అక్కడి తెలుగువారు ఆంధ్ర మహాసభ స్థాపించుకొన్నారు. వారాంతపు బడులు నడిపినారు. అయినా ఇంటిలో తెలుగు మాట్లాడేవారు తరతరానికి తగ్గిపోయి, ఇంగ్లీషే ఇంటిభాష అయినది. 1996 నాటి దక్షిణాఫ్రికా రాజ్యాంగం ఆదరించి పెంపొందించవలసిన భాషల వరుసలో మన భాషను పేర్కొన్నది. ఇది సంతోషించవలసిన విషయమే. కాని ఆ రాజ్యాంగంలో తెలుగు పేరు ‘టెలెగు’ అని పడినది! ఓడ పట్టిక రాసిన గుమాస్తా ఆత్మ అక్కడే తిరుగుతున్నదేమో.

మిగతా దేశాల సంగతి క్లుప్తంగా చెబుతాను. మారిషస్‌లో తాత పెట్టిన పేరే వంశనామమైన ఇళ్ళు ఎక్కువ. మన ‘అప్పడు’ అక్కడ ‘అప్పాడూ’ అయి కుటుంబాల పేరుగా నిలిచినాడు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు దినం. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినది కూడ అక్కడే. యానాం నుండి 1828 ప్రాంతంలోనే తెలుగు కూలీలు ఫ్రెంచివారి బూర్బను దీవికి, అంటే నేటి రియూనియనుకు వెళ్ళినారు. ఫ్రెంచివారు ‘ఉ’కారాన్ని ‘ఓ’, ‘యు’ కలిపి రాస్తారు కనుక అక్కడ మన పేర్ల రూపమే మారిపోయినది. మలేషియాలో కొడుకు పేరు తరువాత ‘కుమారుడు’ అని మలయా భాషలో రాసి తండ్రి పేరు చేరుస్తారు; అందువల్ల అప్పలనాయుడు అప్పలనాయుడుగానే మిగిలినాడు గాని వంశనామంగా మారలేదు. మన గోపాలపురం రేవు నుండి రంగూను వెళ్ళినవారి కథ మీ ఇళ్ళలో నాకంటె బాగా చెబుతారు. బర్మావారికి వంశనామాలే లేవు. 1942లో నడిచి తిరిగివచ్చినవారు వచ్చినారు, అక్కడ ఉండిపోయినవారిని పేరును బట్టి గుర్తుపట్టడం కష్టం. ఫీజీలో 1987లో, మళ్ళీ 2000లో జరిగిన ప్రభుత్వ కూలదోతల వల్ల ఎందరో భారతీయులు ఆస్ట్రేలియాకు, న్యూజిలాండుకు, కెనడాకు తరలిపోయినారు. వారితో నాయుడు రెండవసారి సముద్రం దాటినాడు.

ఒక చిన్న వ్యాకరణ విషయం చెప్పకుండా ఉండలేను. ‘డు’ అన్నది పుంలింగ ప్రత్యయం. మన ఊళ్ళలో ఆడవారి పేరు చివర ‘అమ్మ’ చేరుతుంది గాని నాయుడు చేరదు. పల్నాటి నాగమ్మను నాయకురాలనే అన్నారు. వంశనామమైన తరువాత డర్బనులో తల్లీ నాయుడే, కూతురూ నాయుడే. హైదరాబాదులో ఒక వంగ కుటుంబంలో పుట్టి, గోవిందరాజులు నాయుడుగారిని వివాహమాడిన సరోజినీదేవికి ముందే ఆ మాట సంక్రమించినది. ఆమె 1924లో దక్షిణాఫ్రికా వెళ్ళి భారతీయుల సభలకు అధ్యక్షత వహించినప్పుడు, అక్కడి నాయుళ్ళు ఆమెను తమ ఇంటి ఆడపడుచుగా భావించి ఉంటే ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు మళ్ళీ ఆ పెద్దావిడ దగ్గరికి వస్తాను. ఆమెను వెంటబెట్టుకొని కాగితంలోని ఊరి పేరుకు దగ్గరగా ఉన్న మూడు గ్రామాలు తిరిగినాను. ప్రతిచోటా అరుగు మీది పెద్దలు మంచినీళ్ళిచ్చి అడిగిన మొదటి ప్రశ్న ఒక్కటే: “అమ్మా, మీ ఇంటిపేరేమిటి?” ఆమె “నాయుడు” అన్నారు. “అది సరేనమ్మా, ఇంటిపేరు?” అని వారు మళ్ళీ అడిగినారు. మూడవ ఊరిలో ఆ ప్రశ్నను ఇంగ్లీషులో చెప్పడానికి నాకు నోరు రాలేదు. అప్పన్నలు వీధికి నలుగురుంటారు. ఇంటిపేరొక్కటి తెలిసి ఉంటే సాయంకాలానికి ఆమెను ఆమె వాళ్ళ వాకిట్లో నిలబెట్టేవాళ్ళం. జాడ దొరకలేదు. బండి ఎక్కేటప్పుడు ఆమె, “ఆ గుమాస్తా ఒక్క గడి ఎక్కువ గీసి ఉంటే!” అన్నారు.

ఆ మాట నాకు గుచ్చుకొన్నది. మరునాడు మన బడికి వచ్చి చేర్పు పుస్తకాలు తీయించి చూచినాను. తొలినాళ్ళ పుస్తకాలలో ప్రతి విద్యార్థికీ ఇంటిపేరు పూర్తిగా, గుండ్రని దస్తూరితో రాసి ఉన్నది. తరువాత అది ఒక ఇంగ్లీషు అక్షరంగా కుదించుకొన్నది. ఆ తరువాత అదీ పోయి, పిల్లవాడి పేరు, చివర నాయుడో రావో మాత్రమే మిగిలినది. పరీక్షల దరఖాస్తులలో చోటు చాలదని చాలా ఏళ్ళపాటు ఆ ఇంటిపేర్లను నరికిన చేయి నాదే. నాకంటె ఆ గుమాస్తా నయం. అతనికి ఆ భాష రాదు.

ఈ సంచికలో అచ్చు వేయడానికి పూర్వ విద్యార్థుల జాబితా సిద్ధమవుతున్నది. అందులో వందలకొద్దీ పేర్లకు ఇంటిపేరు స్థానంలో ఒంటి అక్షరమే ఉన్నది. కార్యాలయంలో తలుపు పక్క బల్ల మీద ఆ జాబితా ఉంచినాము. మీ పేరు, మీ తోడబుట్టినవారి పేర్లు, మీకు తెలిసినంతవరకు మీ తరగతివారి పేర్లు చూచి, ఆ అక్షరం ఎదుట పూర్తి ఇంటిపేరు తెలుగులో రాయండి. ఆడపిల్లలకు పుట్టింటి పేరు కూడ రాయండి. రేపు సాయంత్రం అయిదు గంటల వరకు నేను అక్కడే కూర్చుంటాను. కలము నా దగ్గర ఉన్నది.