గర్భసంచి ఆపరేషన్ తర్వాత విశ్రాంతి, తిరిగి పనికి వెళ్లడం: 2021 నాటి ఆరోగ్యశ్రీ, ఆరోగ్య ఆసరా వివరాలు

(మహిళా పొదుపు సంఘాల సమావేశంలో స్టాఫ్ నర్సు చేసిన ప్రసంగం, అక్టోబర్ 2021. చదివి మీ సంఘం గ్రూపులో పంపండి.)



ఇప్పుడు పత్తి తీతలు నడుస్తున్నాయి. సంక్రాంతి దాటితే మిర్చి కోతలు. ఏడాది మొత్తంలో మన చేతికి నాలుగు డబ్బులు వచ్చే రోజులు ఇవే. అందుకే గర్భసంచి తీయించుకున్న మనిషి ఆసుపత్రి నుంచి ఇంటికి రాగానే అడిగే మొదటి మాట, "మళ్లీ పనికి ఎప్పుడు పోవచ్చు?" అని. ఈరోజు దాని గురించే చెప్తాను.

ముందు ఒక లెక్క చూడండి. మన రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగం చేసే మహిళకు ఈ ఆపరేషన్ జరిగితే డాక్టర్ సర్టిఫికెట్ మీద 45 రోజుల ప్రత్యేక సెలవు, జీతంతో సహా ఇస్తారు. 2011లో వచ్చిన జీవో ఇది. ఆఫీసులో కుర్చీలో కూర్చునే మనిషికే నెలన్నర కావాలని ప్రభుత్వం ఒప్పుకుంది. మరి నడుముకు ఒడి కట్టుకుని రోజంతా వంగి పత్తి తీసే మనిషికి ఎన్ని రోజులు కావాలి? అంతకంటే తక్కువైతే కాదు కదా. కాబట్టి "పక్కింటామె పదిహేను రోజులకే చేలోకి పోయింది, నీకేం రోగం?" అని ఎవరన్నా అంటే ఈ 45 రోజుల సంగతి చెప్పండి.

డబ్బు సంగతి

విశ్రాంతి తీసుకోమని చెప్పడం తేలికే, ఇల్లు గడవాలి కదా అంటారు. నిజమే. అందుకే ఈ పథకం గురించి తెలుసుకోండి.

ప్రభుత్వ ఆరోగ్య పథకం (2021లో దీని పేరు వైఎస్సార్ ఆరోగ్యశ్రీ) కింద నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించుకుంటే పరీక్షలు, మందులు, భోజనం అన్నీ ప్యాకేజీలోనే ఉంటాయి. డిశ్చార్జి అయ్యాక పది రోజుల మందులు కూడా అందులోనే ఇవ్వాలి. కొన్ని ఆపరేషన్లు ప్రభుత్వ ఆసుపత్రులకే కేటాయించారు. అందుకని చేరకముందే ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్లి "మా ఆపరేషన్ జాబితాలో ఉందా, ఇక్కడ చేస్తారా?" అని అడగండి.

2019 డిసెంబర్‌లో మొదలైన వైఎస్సార్ ఆరోగ్య ఆసరా 2021లో దీనికి తోడుగా ఉండేది. అప్పట్లో ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ అయ్యాక డాక్టర్ చెప్పిన విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా ఇచ్చేవారు. డిశ్చార్జి అయిన 48 గంటల్లో బ్యాంకు ఖాతాలో పడాల్సి ఉండేది. 2021లో ఉపాధి హామీ కూలి రోజుకు 245 రూపాయలు ఉండేది. పోల్చి చూసుకోండి. పోయిన కూలి మొత్తం అది పూడ్చేది కాదు. ఇంట్లో బియ్యం, పప్పు, పాలు, గుడ్లకు మాత్రం ఆసరాగా ఉండేది.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు మూడు పనులు చేయండి. చేరేటప్పుడే ఆరోగ్య పథకం కార్డు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ వెంట తీసుకెళ్లండి. ఖాతా వాడకంలో ఉందో లేదో ముందే చూసుకోండి. డిశ్చార్జి రోజు కాగితం మీద విశ్రాంతి ఎన్ని రోజులు రాశారో అడిగి చదివించుకోండి. ఇప్పుడు ఏ సాయం అందుతుందో ఆరోగ్యమిత్రను గానీ సచివాలయంలో ఏఎన్‌ఎంను గానీ అడగండి, లేదా 104కు ఫోన్ చేయండి. పథకం కేసులో ఆసుపత్రి వాళ్లు చేతి డబ్బు అడిగినా 104కే చెప్పండి.

స్పిన్నింగ్ మిల్లులో, ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లకు ఈఎస్ఐ ఉంటే అది వేరే దారి. జీతం నెలకు 21,000 లోపు ఉండి, చందా సరిగా కట్టి ఉంటే, ఈఎస్ఐ డాక్టర్ సర్టిఫికెట్ మీద జీతంలో 70 శాతం చొప్పున ఏడాదిలో 91 రోజుల వరకు ఇస్తారు. సూపర్‌వైజరుకు నోటిమాటగా చెప్పి ఇంట్లో కూర్చోవద్దు. సర్టిఫికెట్ తెచ్చి ఇవ్వండి.

ఏ వారంలో ఏ పని

పొట్ట కోసి చేసిన ఆపరేషన్‌కు లోపల మానడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. చిన్న రంధ్రాలతో గానీ కింద నుంచి గానీ చేస్తే ఇంకొంచెం ముందే కోలుకుంటారు. అయితే పైన చిన్న మచ్చే ఉందని మోసపోవద్దు. లోపల గర్భసంచి తీసిన చోట కుట్లు వాళ్లకూ ఉంటాయి.

మొదటి రెండు వారాలు: పడుకునే ఉండకూడదు. ఇంట్లో, వాకిట్లో మెల్లగా నడవాలి. నడవకపోతే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. మంచం మీద నుంచి లేచేటప్పుడు పక్కకు ఒత్తిగిలి, చేతి ఊతతో లేవండి. దగ్గు వస్తే కోత మీద దిండు పెట్టి అదుముకోండి.

మూడు, నాలుగు వారాలు: కూర్చుని చేసే పనులు చేసుకోవచ్చు. కూరగాయలు తరగడం, బట్టలు మడతపెట్టడం లాంటివి. వంట చేసినా అన్నం గిన్నె దించడానికి ఇంకొకరు ఉండాలి.

ఆరు వారాల దాకా బరువు ఎత్తవద్దు. నిండు బిందె అంటే పది కిలోల పైమాటే. చంకలో బిడ్డ కూడా బరువే. బోరింగు కొట్టడం, బట్టలు బండకు బాదడం, గడ్డిమోపు, యూరియా బస్తా, ఇవేవీ వద్దు. భార్యాభర్తలు కూడా ఆరు వారాలు దూరంగా ఉండాలి. ఈ మాట ఇంట్లో చెప్పడానికి మొహమాటమైతే డాక్టరు చేతనే ఆయనకు చెప్పించండి.

ఆరు వారాలు దాటాక ఆసుపత్రిలో చూపించుకోండి. సరే అంటే మొదట పూట పనికి వెళ్లండి. పత్తి తీసేటప్పుడు ఒడి నిండేదాకా ఉంచుకోకుండా తరచుగా ఖాళీ చేయండి, ఆ బరువంతా పొత్తికడుపు మీదే పడుతుంది. మిర్చి దగ్గర కోతకంటే కల్లంలో కూర్చుని కాయ ఏరే పని అడగండి. ఉపాధి పనిలో మట్టి తట్ట కాకుండా నీళ్లు ఇచ్చే పని ఇవ్వమని మేట్‌ను అడగండి. మీ ముఠాలో ఒకామెకు ఇలా అయితే తేలిక పని ఆమెకు వదిలిపెట్టండి. రేపు మన వంతు రావచ్చు.

తొందరపడి బరువులెత్తితే ఏమవుతుందంటే, కోత దగ్గర కండ వదులై పేగు బయటికి పొడుచుకొస్తుంది. దాన్ని హెర్నియా అంటారు. దానికి మళ్లీ ఆపరేషన్, మళ్లీ విశ్రాంతి. నాలుగు వారాల కూలికి ఆశపడితే ఇంకో పంటకాలం పోతుంది.

పథ్యం

పప్పు తింటే చీము పడుతుందని, నీళ్లు తాగితే కుట్లు మానవని మన దగ్గర కారం అన్నంతో సరిపెడతారు. అది తప్పు. గాయం మానాలంటే పప్పు, గుడ్డు, పాలు, ఆకుకూర కావాలి. నీళ్లు తక్కువైతే మలబద్ధకం వస్తుంది, ముక్కితే కుట్ల మీద ఒత్తిడి పడుతుంది. ఆపరేషన్‌కు ముందు నెలల తరబడి రక్తం పోయినవాళ్లు డాక్టర్ ఇచ్చిన ఐరన్ మాత్రలు మానవద్దు. రక్తం పట్టకుండా ఎండలోకి పోతే కళ్లు తిరిగి పడిపోతారు.

వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన లక్షణాలు

కొన్ని రోజులు కొంచెం ఎరుపు కనపడటం మామూలే. కానీ ఇవి కనపడితే ఆగవద్దు:

- జ్వరం, చలి, కోత దగ్గర చీము
- గుడ్డ తడిసిపోయేంత రక్తం, లేదా దుర్వాసన
- మూత్రం రాకపోవడం, లేదా తెలియకుండా కారిపోవడం
- పిక్కలో నొప్పి, ఒక కాలికే వాపు
- ఆయాసం, ఛాతీలో నొప్పి: దీనికి నేరుగా 108కి ఫోన్ చేయండి

ఇంకా ఆపరేషన్ కానివాళ్లకు

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. మన రాష్ట్రంలో తొమ్మిది మంది దాకా ఉన్నారు. అవసరమైనవాళ్లకు ఈ ఆపరేషన్ ప్రాణం నిలబెడుతుంది. కానీ తెల్లబట్ట అవుతోందనో, పిల్లలు ఇక చాలు కాబట్టి గర్భసంచితో పనేముందనో తీయించుకోవద్దు. మందులతో తగ్గుతుందా అని ఇంకో డాక్టర్‌ను, వీలైతే ప్రభుత్వ ఆసుపత్రిలో, అడగండి. అండాశయాలు కూడా తీస్తారా అని తప్పకుండా అడగండి. చిన్న వయసులో అవి కూడా తీసేస్తే ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఎముకలు బలహీనపడటం ముందే మొదలవుతాయి. ఇప్పటికే ఆపరేషన్ అయి ఉంటే మీ డిశ్చార్జి కాగితంలో ఆ సంగతి రాసి ఉంటుంది, చూపించి తెలుసుకోండి.

తప్పనిసరిగా చేయించుకోవాలి, కానీ ఆగే వీలుంది అని డాక్టర్ అంటే, కోతలు అయ్యాక తేదీ అడగండి. ఆగకూడదంటే మాత్రం పంట కోసం వాయిదా వేయవద్దు. ఆ నెలన్నర నీళ్లు ఎవరు తెస్తారు, పిల్లలను ఎవరు చూస్తారు, సంఘం వాయిదా ఎవరు కడతారు అన్నది ఆసుపత్రికి పోకముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. సంఘం లీడర్‌కు కూడా చెప్పి ఉంచండి.

ఏ సందేహం ఉన్నా మీ సచివాలయం ఏఎన్‌ఎంను అడగండి. డిశ్చార్జి కాగితం మాత్రం కార్డుతో పాటు భద్రంగా దాచుకోండి. సెలవు.