యంత్రం ఆగినా కేసు ఆగకూడదు
(రామగుండం కార్యకర్తల సమావేశంలో ప్రసంగం)



గోదావరిఖనిలో బొగ్గు దుమ్ము చేరని ఇల్లు లేదు, యంత్రమూ లేదు. ఆఫీసులోని పాత ల్యాప్‌టాప్ ఆన్ కాకపోతే కంగారుపడొద్దు. చార్జర్ తీయండి. బ్యాటరీ ఊడేదైతే అదీ తీయండి. పవర్ బటన్ 30 సెకన్లు నొక్కిపట్టి వదలండి. తర్వాత చార్జర్ ఒక్కటే పెట్టి చూడండి. ఫ్యాను తిరుగుతూ తెర నల్లగానే ఉంటే మరో మానిటర్ తగిలించండి. అందులో బొమ్మ వస్తే లోపం తెరదే. అందులోనూ రాకపోతే ర్యామ్ తీయించి, దుమ్ము తుడిపించి, మళ్లీ పెట్టించండి.

2005 గృహహింస చట్టం కింద కేసులు వేసిన స్త్రీల పేర్లు, చిరునామాలు అందులోనే ఉన్నాయి. యంత్రం చచ్చినా హార్డ్ డిస్కు చాలాసార్లు బతికే ఉంటుంది. వేరే కంప్యూటర్‌కు తగిలించి కాగితాలన్నీ తీసుకోవచ్చు. అందుకే రిపేరుకిచ్చే ముందు మన కళ్లెదుటే డిస్కు విప్పించి దగ్గర ఉంచుకుందాం. ఫార్మాట్ చేస్తానంటే ఒప్పుకోవద్దు. మనల్ని నమ్మి చెప్పుకున్న మాట పోనూకూడదు, బజారున పడనూకూడదు.